కుక్క మెడలోని పట్టెడ

కుక్కకు పట్టెడ కొనవలెనని అంగడికి పోయినవాడు ముందుగా చూచునది దాని వెలిముఖమును. తోలు నిగ్గును, బకిలు తళుకును, కుట్టుపనితనమును పరీక్షించి, తన యింటి హోదాకు తగియున్నదా లేదా యని మనసులో తూచుకొని, బేరమాడి తెచ్చుకొనును. ఆ పట్టెడను రేయింబవళ్ళు మోయవలసిన ప్రాణికి మాత్రము ఆ వెలిముఖము కనబడదు. దానికి తెలిసినదెల్ల మెడనంటియుండు లోముఖము, దాని మెత్తదనమో కఱకుదనమో, బిగువో సడలో, అంతియే. నాలుగువేల యేండ్లకు పైబడిన యీ చిన్న వస్తువు చరిత్రను తఱచి చూచినచో, మానవుడు తన కళాకౌశలమును, ధనమును, దర్పమును, తుదకు చట్టమును గూడ వెలిముఖముమీదనే ధారపోసెననియు, లోముఖమును గూర్చి యోచించినవారు బహుస్వల్పులనియు నాకు తోచుచున్నది.

పట్టెడ ధరించిన కుక్కల రూపములు ఈజిప్టు ప్రాచీనరాజ్యకాలపు సమాధుల గోడలమీదనే కలవు. నిక్కిన చెవులు, చుట్టుకొన్న తోక, సన్నని నడుము గల ఆ వేటకుక్కల మెడలకు పట్టీలు చెక్కబడియున్నవి. కాని బొమ్మ వేఱు, వస్తువు వేఱు. 1899వ సంవత్సరమున విక్టర్ లోరే యను ఫ్రెంచి పురావస్తుశోధకుడు రాజుల లోయలో మైహెర్‌ప్రి యనువాని సమాధిని కనుగొనినపుడు, అక్కడ వస్తువే దొరకినది. ఈ మైహెర్‌ప్రి రాజు కాడు. పదునెనిమిదవ రాజవంశపు కాలమున రాజునకు కుడిప్రక్క నిలిచి వింజామర పట్టు గౌరవమును బడసినవాడు, అంతఃపురపు పిల్లలతో గూడి పెరిగినవాడు, ఆ చనువుచేతనే కాబోలు రాజుల శ్మశానభూమిలో ఇంత చోటు సంపాదించుకొన్నవాడు. అతనికి తోడుగా పరలోకమునకు పంపిన సామగ్రిలో కుక్కకు కట్టు తోలుపట్టెడలు రెండుండెను. ఇంచుమించు 3,400 ఏండ్ల నాటి ఆ తోలుమీద గుఱ్ఱములు, తామరపూవులు, మృగములను తఱుముచున్న వేటయు చిత్రింపబడియుండగా, ఒకదానిపై ఆ ఆడుకుక్క పేరు, తంతనుయిత్ అని, వ్రాయబడియున్నది.

గమనింపవలసినది ఆ పేరే. అది కుక్క పేరు, యజమాని పేరు గాదు. తరువాతి యుగముల పట్టెడలను చూచినవానికి ఇది వింతగా తోచును. ఏలయనగా తరువాతివారు కుక్క ఎవ్వరో చెప్పుటకంటె అది ఎవ్వరిదో చెప్పుటకే ఎక్కువగా ఉవ్విళ్ళూరిరి.

అసిరియా ప్రభువైన అషుర్‌బనిపాలుడు నీనెవె నగరములో క్రీస్తుపూర్వము ఏడవ శతాబ్దిని కట్టించుకొన్న రాజభవనపు శిలాఫలకములలో, స్థూలకాయములైన వేటకుక్కలను త్రాళ్ళుపట్టి నడిపించు సేవకులున్నారు. నేడవి లండనులోని బ్రిటిషు మ్యూజియములో చూడనగును. ఆ కుక్కల కండలను చెక్కుటలో శిల్పి చూపిన శ్రద్ధకు నమస్కరించి మనము ముందునకు పోవచ్చును. నన్ను చిరకాలము నిలిపి ఆలోచింపజేసినవాడు రోమకుడైన వర్రో.

మార్కస్ టెరెన్షియస్ వర్రో తన కాలమున రోములో సాటిలేని పండితుడని పేరొందినవాడు. ఎనుబదవ యేట, పొలము కొనుక్కొన్న తన భార్య ఫుండానియాకు ఉపకరించునని, క్రీ. పూ. 37 ప్రాంతమున ఆయన వ్యవసాయమును గూర్చి మూడు పుస్తకముల గ్రంథమొకటి రచించెను. రెండవ పుస్తకము పశుపోషణమును గూర్చినది. అందు మందను కాచు కుక్కను ఎట్లెంచుకొనవలెను, ఏమి తినిపింపవలెను అని చెప్పుచు, క్రూరమృగములవలన దానికి గాయము కాకుండ మెడకు కట్టవలసిన మెలియుమ్ అను పట్టెడను గూడ వర్ణించినాడు. గట్టి తోలుతో చేసిన పట్టీకి తలలు గల ఇనుపమేకులను దిగగొట్టవలెను. ఆ మేకుల తలలకు లోపలివైపున మెత్తని తోలు పొరను కుట్టవలెను, ఇనుము కఱకుదనము మెడను నొప్పింపకుండుటకు. ఇంతటితో ఆగక ఆయన మఱియొక మాట చెప్పినాడు: ఈ మేకులచే ఒకమాఱు గాయపడిన తోడేలు, పట్టెడ లేని కుక్కల జోలికి గూడ పోదట, కనుక మందలో కొన్నిటికి కట్టినను తక్కినవి సురక్షితములే. పశువుల కాపరికి తెలిసిన గృహనీతి ఇది, రోమునగరపు గ్రంథాలయములో కూర్చున్నవానికి ఊహవలన తట్టునది కాదు. వర్రో స్వయముగా గొఱ్ఱెలమందలు గలవాడగుటచేతనే ఆయనకు తెలిసినది.

ఆ మెత్తని తోలుపొరను గూర్చి నేనెంత చెప్పినను తనివి తీరదు. రెండువేల యేండ్లకు పూర్వము, మనుష్యులను సంతలో అమ్ముకొనుట తప్పుగా తోచని సమాజములో, ఒక వృద్ధపండితుడు కుక్క మెడ లోపలివైపు ఒరసికొని పోవునేమోయని విచారించి, దానికొక వాక్యభాగమును కేటాయించినాడు. అట్లని రోమకులందఱును అంత కరుణామయులని భ్రమింపరాదు. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము పొంపెయి నగరమును బూడిదలో కప్పివేసినపుడు, వెసోనియస్ ప్రైమస్ అనువాని యింట కావలికుక్కను విప్పువారు లేకపోయిరి. 1874లో ఆ బూడిదలోని ఖాళీని ప్లాస్టరుముద్దతో నింపి తీసిన అచ్చులో, వెల్లకిల మెలిదిరిగిన దేహమును మెడలోని పట్టెడయు నేటికిని కనబడుచున్నవి. పట్టెడ రక్షకవచమనునది సగము మాట. దానికి గొలుసు తగిలించిన క్షణమున అది మఱియొకటి యగును.

కవచముగా నున్న పట్టెడకు మాత్రము దీర్ఘాయువు కలిగినది. ఇటలీలోని అబ్రుజ్జి కొండలలోను, స్పెయినుదేశపు గొఱ్ఱెలదారులలోను, టర్కీలోని అనటోలియా పీఠభూమిలోను మందకుక్కల మెడలకు బయటికి పొడుచుకొనియున్న ఇనుపమేకుల పట్టెడలు కట్టుట వర్రో కాలమునుండి పెద్దగా మాఱలేదు. మన హిమాలయములలో కుమావు, గఢ్వాలు, హిమాచల ప్రాంతముల కాపరులకు పగవాడు తోడేలు కాదు, చిఱుతపులి. అది కుక్కను గొంతుకడనే పట్టును గనుక, అక్కడి భోటియాకుక్కల మెడలకు వెడల్పైన రేకుపట్టెడను, మొనలు గలదానిని, బిగింతురు. టిబెట్టువారు కావలికుక్కలకు ఎఱ్ఱని రంగుపోసిన జడలబఱ్ఱె వెండ్రుకల కుచ్చుపట్టెడ కట్టుదురు. అది కుక్కను మఱింత పెద్దదిగను భయంకరముగను కనబడజేయును, మెడకును మెత్తగానుండును. అందమును ఉపయోగమును వేఱుచేసి చూడని యిట్టి వస్తువు నాకు మఱియొకటి కనబడలేదు.

ఐరోపా రాజాస్థానములలో వేట వినోదమైన తరువాత పట్టెడ కథ మలుపు తిరిగినది. ఫ్రాన్సు దక్షిణభాగపు ప్రభువైన గాస్టన్ ఫీబస్ 1387లో ప్రారంభించి వ్రాసిన వేటగ్రంథమునకు పదునైదవ శతాబ్ది ఆరంభమున చిత్రకారులు వేసిన చిత్తరువులలో, ఒక్కొక్క జాతి కుక్కకు ఒక్కొక్క తీరు పట్టెడ కానవచ్చును. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ మరణించినపుడు, 1547లో, అతని సొత్తునంతయు జాబితా వ్రాసిన గుమాస్తాలు కుక్కపట్టెడలను గూడ విడువలేదు; జేగురువన్నె మకమలుతోను జరీవస్త్రముతోను చేసినవి రెండు, రాజలాంఛనము గలవి రెండు, తెల్లని మకమలుమీద ముత్యములు కుట్టి వెండి కడియము తగిలించినదొకటి, దానిమ్మపండ్లును గులాబీలును జంటగా కుట్టినదొకటి. ఈ కడపటిదానికడ నాకు ఆగిపోబుద్ధియైనది. దానిమ్మపండు రాజు మొదటిభార్యయైన కాథరిన్ ఆఫ్ అరగాన్ చిహ్నము, గులాబి రాజవంశపు చిహ్నము. ఆమెను విడనాడుటకై హెన్రీ పోపుతో తెగతెంపులు చేసికొని, దేశపు మతవ్యవస్థనే తలక్రిందులు చేసి, ఆమె లాంఛనములను భవనముల గోడలమీదనుండి తొలగింపజేసినను, ఆ జంటచిహ్నము కుక్కమెడకు కట్టు పట్టీమీద మిగిలిపోయి, ఆమె గతించిన పదునొకండేండ్లకు గూడ రాజు సొత్తులో లెక్కకు వచ్చినది. చరిత్రను చెఱిపివేయదలచిన రాజులకు కుక్కలకొట్టము వెదకవలెనని తోచకపోవుట సహజమే.

మన దేశమున జహంగీరు చక్రవర్తి కుక్కల ముచ్చటయు తక్కువది కాదు. 1615లో రాయబారియై వచ్చిన సర్ థామస్ రో వెంట ఆంగ్లదేశపు మాస్టిఫ్ జాతి కుక్కలు వచ్చెను. వానిలో ఒకటి ఏనుగునుగూడ లెక్కచేయక మీదికి దుమికినదని చక్రవర్తి మురిసిపోయి, ఒక్కొక్క కుక్కకు నలుగురేసి సేవకులను నియమించి, పల్లకీలలో త్రిప్పించి, ఈగలు వాలకుండ విసరించి, తన చేతితో తినిపించుటకై వెండి పట్టకారు చేయించుకొనెనని రో వెంటనుండిన మతగురువు ఎడ్వర్డ్ టెర్రీ వ్రాసినాడు. ఆ పట్టకారు ఏల? కుక్కను తాకకుండుటకు. వైభవమునకును దూరమునకును మధ్య ఇంత చక్కని రాజీ మొగలు దర్బారులోనే కుదురును.

ఐరోపా పాతపట్టెడలను చూడగోరువారికి ఇంగ్లండులోని కెంటుజిల్లాలో లీడ్స్ కోట కలదు. (అదే పేరుగల పెద్ద నగరము దానికి చాల దూరమున నున్నది, పొరబడి ఆ రైలెక్కరాదు.) ఐర్లండు పురావస్తుపండితుడు జాన్ హంటును అతని భార్య గెర్ట్రూడును సేకరించిన పట్టెడలను, భర్త గతించిన పిదప ఆమె 1977లో ఆ కోటకు కానుకగా నిచ్చినది, నూటికి మించిన ఆ సముదాయములో పదునైదవ శతాబ్ది మొదలు అయిదువందల యేండ్ల పట్టెడలున్నవి. తొలినాటివి ఎలుగుబంట్లకును అడవిపందులకును తోడేళ్ళకును వెఱచి చేసిన ఇనుపకంటకములు. తరువాతివి చిత్రపుపని చేసిన తోలు, చెక్కడపు ఇత్తడి, వెండి. అడవిలో తోడేళ్ళు తగ్గినకొలది పట్టెడ మీది మొనలు తగ్గి, అక్షరములు పెరిగినవి.

ఆ అక్షరములన్నియు యజమానులవి. పేరు, ఊరు, బిరుదము, కొన్నిటికి చిన్న తాళము. తాళపుచెవి యజమానికడనే యుండును గనుక కుక్కను దొంగిలించినవాడు పట్టెడను ఊడదీయజాలడు. నవలాకారుడు డికెన్స్ ఇంటికుక్క పట్టెడమీద చెక్కినదియు ఆయన పేరు, గాడ్స్‌హిల్ భవనపు చిరునామాయే. ఈ ఆచారమును చూచి నవ్వినవాడు కవి అలెగ్జాండర్ పోప్. తన ఆడుకుక్క బౌన్సు కన్న పిల్లనొకదానిని యువరాజు ఫ్రెడెరిక్‌కు కానుక పంపుచు, దాని పట్టెడమీద రెండు పాదముల పద్యము చెక్కించెను; దాని భావమేమనగా, ఈ కుక్క తాను యువరాజుగారి కుక్కనని చెప్పి, చదువుచున్న దొరను తమరెవరి కుక్క అని అడుగును. పట్టెడను చదువుటకై వంగిన ఆస్థానసేవకులలో నవ్వలేకపోయినవారెందఱో యూహించుకొనవచ్చును.

ఆ పరిహాసము వెనుక ఒక చేదునిజము కలదు. క్రీస్తుశకము నాలుగవ శతాబ్ది మొదలుకొని రోమకులు పారిపోజూచిన బానిసల మెడలకు ఇనుపకడియములు బిగించిరి. వానిలో ప్రసిద్ధమైన యొకదాని బిళ్ళమీద, నేను పారిపోయినవాడను, నన్ను పట్టి జోనినస్ అను యజమానికి అప్పగించినచో నీకొక బంగారునాణెము దొరకునని వ్రాసియున్నది. ఇట్టివానిని కుక్కపట్టెడలని వ్యాఖ్యానించిన పండితులు పూర్వము కొందఱుండిరి; మనిషి మెడకు కట్టినదని ఒప్పుకొనుట కష్టమై యుండును. దీనికి వియ్యమన్నట్లు, హాలెండులోని రైక్స్ మ్యూజియములో నాసౌ వంశపు లాంఛనముతో 1689 అను సంవత్సరము చెక్కిన ఇత్తడి పట్టెడ చిరకాలము కుక్కపట్టెడగానే జాబితాకెక్కియుండెను. 2021లో బానిసత్వమును గూర్చి అక్కడ జరిగిన ప్రదర్శనకై పరిశోధించినవారు, ఆ కాలపు డచ్చి చిత్రములలో నల్లజాతి సేవకబాలుర మెడలలో అట్టి పట్టెడలే యుండుటను చూపి, అది మనుష్యకంఠమునకు కట్టినదై యుండవచ్చునని తేల్చిరి. రెండింటిని వేఱుచేయు గుఱుతు వెలిముఖమున లేదు. ఈ సంగతి తెలిసినపిమ్మట వెండిపట్టెడల అద్దాలబీరువాముందు మునుపటి ఉల్లాసముతో నిలుచుట నాకు సాధ్యము కాలేదు.

ప్రభువుల తరువాత ప్రభుత్వము వచ్చినది. ఇంగ్లండులో 1796లో కుక్కలపై పన్ను విధించిరి, ఫ్రాన్సులో 1855లో. ఇంగ్లండులో 1867లో అది అయిదు షిల్లింగుల లైసెన్సుగా మాఱి, 1878లో ఏడున్నర షిల్లింగులై, ఆ అంకెమీదనే శతాబ్దికి పైగా కునుకుతీసి, కొత్త నాణెములలో 37 పెన్నీలుగా మిగిలి, వసూలు ఖర్చుకు గూడ చాలక, 1987లో రద్దయినది. జర్మనీలోను అమెరికాలోను పన్ను కట్టిన కుక్కకు అంకెగల లోహపు బిళ్ళ నిచ్చి పట్టెడకు తగిలింపుమనిరి. బిళ్ళ లేని కుక్కను పట్టుకొనిపోవుదురు. 2016 నుండి బ్రిటనులో ప్రతి కుక్క చర్మము క్రింద బియ్యపుగింజంత చిప్పు నుంచవలెనని చట్టము వచ్చినను, బహిరంగస్థలములలో యజమాని పేరును చిరునామాయు గల పట్టెడ యుండితీరవలెనను 1992 నాటి ఆజ్ఞ మాత్రము పోలేదు. మన వీధికుక్కలకు పట్టెడ కట్టువారు లేరు గనుక, సంతాననిరోధక శస్త్రచికిత్స జరిగినదనుటకు గుఱుతుగా చెవికొనను కొంత కత్తిరింతురు.

ఇక ఇనుపమొనల సంగతి ముగింపవలసియున్నది. వర్రో పట్టెడ మొనలు బయటికి, తోడేలు వైపునకు. పందొమ్మిదవ శతాబ్ది నాటికి, తోడేళ్ళు లేని దేశములలో, ఆ మొనలు లోపలికి తిరిగినవి. 1848లో వెలువడిన కర్నల్ హచిన్‌సన్ శిక్షణగ్రంథమున, తుపాకివేటకు మరపు కుక్క మాటవిననపుడు వాడు మొనలపట్టెడ ప్రసక్తి కలదు. జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ 1910లో ప్రకటించిన శిక్షణపద్ధతియు దానిని విడువలేదు. అటుపిమ్మట విద్యుత్తు వచ్చినది, మొనలకు బదులు షాకునిచ్చు పట్టెడలు వచ్చినవి. వేల్సుదేశము 2010లో వానిని నిషేధించినది. వాడువారు చెప్పు సమాధానము, బాధ క్షణికము, ఫలము శాశ్వతమని. నేను దీనిని అంగీకరింపలేను. మెడపై పడు తోడేలు లేనిచోట మొనలెవ్వరి రక్షణకో నాకు బోధపడదు.

పట్టెడ చేయు వృత్తి విషయమున మన తెలుగునేలకు ఒక దూరపు చుట్టఱికము కలదు. ఇంగ్లండులో వాల్సాలు పట్టణము జీనుల పనికిని, కళ్ళెములు, బకిళ్ళు, వలయముల లోహపుపనికిని ప్రసిద్ధి. ఆ పనివారే కుక్కపట్టెడలును కుట్టిరి. మన దేశమున ఆ స్థానము కాన్పూరుది. 1860 ప్రాంతమున సైన్యమునకై అక్కడ వెలసిన జీనులకర్మాగారముతో పెరిగిన నైపుణ్యము నేడు విదేశములకు పట్టెడలను త్రాళ్ళను పంపుచున్నది. పూర్వము మదరాసు రాజధానినుండి సగము పదునుచేసిన తోళ్ళు ఈస్టిండియా కిప్పులను పేరుతో లండను సంతకు పోవుచుండెను. వానిని పదునుచేసినది మన మెట్టభూములలో పసుపుపూవులు పూయు తంగేడు పట్టతో. తంగేడుతో పదునైన తోలు వెలుగు తగిలినకొలది ఎఱ్ఱబారును గనుక, దానిని నివారించుటకు కడపట కరక్కాయనీటిలో ముంచుదురు. తరువాత దక్షిణాఫ్రికానుండి వాటిలు చెట్టుపట్ట వచ్చి తంగేటిని వెనుకకు నెట్టినది. చెట్టుపట్టతో పదునైన తోలు వాడినకొలది మెడ ఆకృతికి ఒదుగును, అంచులను నున్నచేయవచ్చును, చెక్కడము పట్టును. నీటికి మాత్రము ఓర్వదు, నూనె కోరును. 1938లో లోకమునకు పరిచయమైన నైలానుకు ఈ చిక్కులు లేవు; తడిసినను చెడదు, ఉదికిన పూటలో ఆరును, వెల స్వల్పము. కాని నేతపట్టీ అంచు కోయును. పొట్టివెండ్రుకల కుక్క మెడమీద ఆ అంచు నడచిన బాట నాలుగు నెలలలో కనబడును.

అందమును సౌకర్యమును రెండును కోరువారు ముందు కుక్క తలను మెడను పోల్చి చూడవలెను. ముధోలు, చిప్పిపారై వంటి వేటజాతులకు తల మెడకంటె సన్నము. సామాన్యపు పట్టెడ చెవులమీదుగా జారిపోవును, జారకుండ బిగించినచో గొంతు నొక్కును. అందుచేత వానికి వెడల్పుపట్టెడయు, లాగినపుడు కొంతవఱకే బిగిసి ఆగు రెండవ మడత గల మార్టింగేలును తగినవి. 2005లో తపాలాశాఖ అచ్చువేసిన నాలుగు భారతీయజాతులలో ముధోలుతోపాటు రాజపాళయమును చోటుచేసికొన్నది. తమిళనాట ఆ ఊరి రాజులు తెలుగు మాటాడువారు, ఆ తెల్లని కుక్క వారి పెంపకమున పేరుకెక్కినది. ఏ జాతియైనను మెడకును పట్టెడకును నడుమ రెండువ్రేళ్ళు దూరవలెను. ఎదుగుచున్న పిల్లకు వారమునకొకసారి వ్రేళ్ళు పెట్టి చూడవలెను. అట్లు చూడక బిగిసిన పట్టీ చర్మములోనికి దిగిపోగా, కత్తిరించి తీయవలసి వచ్చిన కుక్కపిల్లలు పశువైద్యులకు అపరిచితములు కావు. చిరునామాబిళ్ళను వ్రేలాడదీయుటకంటె పట్టెడకే రివిట్లతో బిగించుట మేలు, గిన్నెకు తగిలి చప్పుడు చేయదు, కంచెకు చిక్కదు. ఈ కొలతలన్నియు చెప్పి అడిగినను, అంగడివాడు మెడ చుట్టుకొలత అడుగక, కుక్క ఏ జాతిది, ఏ రంగు కావలెను అనియే తిరిగి ప్రశ్నించును. టేపు మనమే తీసికొని పోవుట మంచిది.